కాఫీ వచ్చేలోగా

ఆ హోటల్లో ఏం కావాలని ఎవరూ అడగరు. వాళ్లు తెచ్చిందే తినాలి. అమ్మాన్‌లో డబ్బున్నవాళ్లకి అదో గొప్ప.

నజ్లా కావాలనే ఆ చోటు చెప్పింది. తెల్లటి బట్ట పరిచిన బల్లలు, గుసగుసగా మాట్లాడే మనుషులు. అక్కడ ఎవరూ గొంతెత్తి ఏడవలేరు, కాళ్ల మీద పడలేరు.

“భోజనం అయ్యేదాకా వింటాను. కాఫీ తాగి లేచిపోతాను,” అని ఫోన్‌లోనే తేల్చేసింది.

నజ్లా రాకాన్ తల్లి. ఎదురుగా కూర్చున్న మున్ధిర్ యజన్ తండ్రి. మృతసముద్రం రోడ్డు మీద కారు నడిపింది యజన్. పక్క సీట్లో ప్రాణం పోయింది రాకాన్‌కి. కోర్టు యజన్‌ని వదిలేసింది. నజ్లా వదల్లేదు. ఆ తండ్రీకొడుకుల్ని అప్పట్నుంచీ గడప తొక్కనివ్వలేదు.

సూప్ వచ్చింది.

“వాడు రొట్టె ముట్టడం లేదు, నజ్లా.”

“అందుకని నన్నూ మానెయ్యమంటారా?” ఆమె చెంచా అందుకుంది. “సూప్ బాగుంది.”

అన్నం కూరి చుట్టిన ద్రాక్షాకులు వచ్చాయి.

“వాడికి ఇరవయ్యేళ్లు. క్షమించానని ఒక్క మాట చాలు. ఆ మాట కోసమే చూస్తున్నాడు.”

“మీ వాడికి ఇరవై సరే. రాకాన్‌కి ఎన్ని?”

ఆ పేరు వినగానే మున్ధిర్ చేతిలోది పళ్లెంలో పెట్టేశాడు.

మన్సఫ్ వచ్చింది. పెరుగులో ఉడికిన వేటమాంసం, అన్నం. పదిమందీ ఒకే పళ్లెం చుట్టూ చేరి లాగించే తిండిని అరచేతి వెడల్పు పింగాణీలో మూడు ముద్దలు పెట్టి ఇవ్వడం ఏం న్యాయమో! మున్ధిర్‌కి అదేమీ పట్టలేదు. ఇంకేదైనా తెప్పించి కాసేపు సాగదీద్దామన్నా ఇక్కడ వీల్లేదు. దీని తర్వాత మిఠాయి, ఆపైన కాఫీ. అంతే.

“వాడు కావాలని చేశాడా?”

“వేగంగా పోయింది కావాలనే కదా? మెల్లగా పొమ్మని చెప్పే ఉంటాడు నా రాకాన్. వింటేగా!”

కునాఫా వచ్చింది. మున్ధిర్ ముట్టకుండానే వెనక్కి వెళ్లింది.

వెయిటర్ చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు. మున్ధిర్ తన కప్పు తాగకుండా బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వెయిటర్ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పక్క బల్లవాళ్లు మాటలు ఆపేశారు. ఆ దేశంలో పిల్లనడగడానికి వెళ్లినా, ప్రాణం తీసినవాణ్ణి క్షమించమని అడగడానికి వెళ్లినా పెద్దమనిషి చేసే పని అది. అవతలివాళ్లు ‘తాగు’ అంటే ఒప్పుకున్నట్టు. అనకపోతే కాఫీ చల్లారిపోవాల్సిందే.

“అది ఇంటికొచ్చి చేసే పని,” అంది నజ్లా పళ్లు బిగించి. “హోటల్లో ఈ నాటకాలేమిటి?”

“రానిస్తేగా.”

ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది.

“మొన్న మాత్రలు మింగాడు!” అనేశాడు మున్ధిర్. చెప్పకూడదనుకున్న మాట. అంత పెద్ద గదిలో అందరికీ వినబడింది. “డాక్టర్లు ఎలాగో బతికించారు. మళ్లీ మింగితే నేనేం చెయ్యను? నా వల్ల కావడం లేదు, నజ్లా.”

ఆమె నిలబడే ఉంది.

“ఇప్పుడు దగ్గరెవరున్నారు?”

“మా అక్క.”

“ఆవిడా? కూర్చున్నచోటే గుర్రుపెడుతుంది!”

నజ్లా మళ్లీ కూర్చుంది. చల్లారిపోతున్న కప్పును అతని ముందుకు తోసింది.

“తాగండి, తాగి వాణ్ణి ఇంటికి తీసుకురండి, రాకాన్‌ని మోసిన కడుపే కదా వాణ్ణీ మోసింది!”