వెండిగొంతు దొంగ

ఉద్యోగకాలమంతా వంతెనలు కట్టించి, ఒక్క సిమెంటు బస్తానైనా ఇంటికి చేర్చని ఓవర్సియరుగారు పదవీ విరమణ చేసిన తరువాత దొంగతనం చేయాలని నిశ్చయించుకున్నారు.

దొంగిలించదలచినది ఒక గ్రామఫోను రికార్డు. దాని యజమాని ఆయన చిరకాల మిత్రుడు, విశ్రాంత స్టేషన్ మాస్టరు. అందులో పాడిన నటీమణిని ఆ రోజుల్లో నాటకాలు చూసినవారందరూ ‘వెండిగొంతు’ అని పిలుచుకునేవారు. ఆవిడ కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఇచ్చినది ఒకే ఒక రికార్డు. ఊరు మొత్తం మీద మిగిలినది ఆ ఒక్క ప్రతి.

ప్రతి ఆదివారం సాయంత్రం పాత పాటల ప్రియులు స్టేషన్ మాస్టరుగారి హాలులో చేరేవారు. రికార్డు మాత్రం లోపలి గదిలో, మూసిన తలుపు వెనుక మోగేది. నలుగురి ఊపిరీ తగిలితే రికార్డు మీది లక్క పాడైపోతుందని స్టేషన్ మాస్టరుగారి సిద్ధాంతం. ముల్లు పెట్టే అధికారం ఆయన భార్యది. ఆయన సైతం అందరితోపాటు హాలులోనే కూర్చుని కళ్ళు మూసుకునేవారు. పాట ఒక్కసారే. ఎవరెంత బతిమాలినా రెండోసారికి పచ్చజెండా ఊపేవారు కారు.

“ఇంకొక్కసారి వేయించవయ్యా మహానుభావా, నీ సొమ్మేం పోయింది?” అనేవారు ఓవర్సియరుగారు.

“అరిగిపోతుందోయ్. వచ్చే ఆదివారం దాకా ఆగు. నువ్వెక్కడికీ పోవులే.”

“నేను పోను. నా చెవులు పోయేలా ఉన్నాయి!”

అది హాస్యానికి అన్నమాట కాదు. ఎడమ చెవి అప్పటికే సెలవు పెట్టింది. కుడిచెవి కూడా ఎంతోకాలం పనిచేయదని డాక్టరు తేల్చి చెప్పాడు. లోకం మూగబోయేలోగా ఆ గొంతును తనివితీరా విని, మనసులో దాచుకోవాలన్నది ఓవర్సియరుగారి ఆరాటం.

అవకాశం గోడ రూపంలో వచ్చింది. లోపలి గది గోడకు చెమ్మ దిగుతోందని, ఒకసారి చూసిపొమ్మని కబురందింది. ఆయన ప్లాను కాగితాల ఫైలులో ఎరువుల మీద ప్రసంగం ఉన్న తన పాత రికార్డొకటి దాచి, చంకన పెట్టుకుని వెళ్ళారు. స్టేషన్ మాస్టరుగారు బజారుకు వెళ్ళి ఉన్నారు.

“చూడండి అన్నయ్యగారూ, గోడ ఎలా ఉబ్బిందో! కాఫీ తెస్తానుండండి,” అంటూ ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళింది.

ఆవిడ తిరిగి వచ్చేలోగా కవరులోని రికార్డు ఫైలులోకి, ఫైలులోని ఎరువుల ప్రసంగం ఆ కవరులోకి మారిపోయాయి. చేజిక్కిన రికార్డుపై లేబులు పూర్తిగా చెరిగిపోయి ఉంది. ఎందరు అభిమానులు తాకితే ఇంతగా అరిగిందోనని ఇంటికి వెళ్ళాక ఓవర్సియరుగారు దానిని కళ్ళకు అద్దుకున్నారు.

చిక్కు తరువాత తెలిసింది. తన పక్కింటి పోస్టుమాస్టరుగారు కూడా ఆదివారం సభ్యులే. ఇద్దరి ఇళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గొంతు వినిపిస్తే ఆయన నిద్రలోనైనా లేచి పరుగెత్తుకు వస్తారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఓవర్సియరుగారు రికార్డును చూస్తూ కూర్చోవలసి వచ్చింది.

ఆదివారం మానేస్తే అనుమానం వస్తుంది. కనుక వెళ్ళారు. లోపలినుంచి ఎరువుల ప్రసంగం మొదలైనప్పుడు పెట్టవలసిన ఆశ్చర్యపు ముఖాన్ని దారిలోనే సిద్ధం చేసుకున్నారు.

తలుపు మూసుకుంది. గరగర వినిపించింది. దాని వెంటే అదే పాట, అదే వెండిగొంతు!

“ఆహా! ఆ గమకం విన్నారా?” అన్నారు పోస్టుమాస్టరుగారు. “ఈ కాలం వాళ్ళకి నోళ్ళున్నాయి గానీ గొంతులేవీ?”

ఓవర్సియరుగారు దిగ్గున లేచారు. మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళి, అటువైపు తలుపు సందులోంచి లోపలి గదిలోకి చూశారు.

గ్రామఫోను తిరగడం లేదు. స్టేషన్ మాస్టరుగారి భార్య దాని పక్కన కూర్చుని, ఒక చేత్తో కాగితాన్ని మెల్లగా నలుపుతూ పాడుతోంది.

ఆయనను చూసి ఆవిడ బిత్తరపోయింది. అయినా చరణం ముగించి, వంటింట్లోకి వచ్చి గుసగుసలాడింది.

“మీకు పుణ్యముంటుంది అన్నయ్యగారూ, ఆయనతో చెప్పకండి.”

“నా దొంగతనం కప్పిపుచ్చడానికి ఇంత పని చేశావా తల్లీ! ఆ రికార్డు పట్టుకుపోయింది నేనే. రేపే తెచ్చిచ్చేస్తాను.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“మీరు పట్టుకుపోయింది పళ్ళపొడి ప్రకటన. కవరు ఖాళీగా కనపడకూడదని, లేబులు గీకేసి నేనే పెట్టాను. అసలుది పోయి ఏళ్ళయింది. ఒక ఆదివారం మీరంతా వచ్చి కూర్చున్నాక చూస్తే లేదు. నలుగురిలో ఆయన తలవంచుకోవాల్సి వస్తుందని తలుపేసుకుని పాడేశాను. అంతకుముందు ఆయన ఎదుట కూనిరాగం కూడా తీసి ఎరగను. నాకు చచ్చేంత సిగ్గు.”

“ఎవడమ్మా ఆ దౌర్భాగ్యుడు? స్నేహితుడి ఇంటికే కన్నం వేస్తాడా!” అని ఓవర్సియరుగారు తన సంగతి మరిచి మండిపడ్డారు.

హాలులోకి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. స్టేషన్ మాస్టరుగారు ఒక్కరే ఇంకా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఓవర్సియరుగారు అడుగు చప్పుడు కాకుండా గుమ్మంవైపు నడిచారు.

“చూసేశావా?” అన్నారు స్టేషన్ మాస్టరుగారు, కళ్ళు తెరవకుండానే.

ఓవర్సియరుగారి అడుగు ఆగిపోయింది.

“నాకు తెలుసని మాత్రం ఆవిడతో అనకు, మళ్ళీ నోరు విప్పదు,” అంటూ ఆయన గొంతు తగ్గించారు. “నేను ఇంట్లో లేననుకుని పాడుకుంటుంటే చాటుగా విన్నానోయ్. అసలు రికార్డంటావా, నా ట్రంకుపెట్టె అడుగున ఉంది, పట్టుకుపో, ఆవిడ చేత పాడించడానికి ఆ ఆదివారం దాన్ని కాజేసింది నేనే.”