ఆదివారం పార్కు

పరబ్రహ్మంలాంటి మొగుడు పగవాళ్లకి కూడా వద్దని హైమవతి అభిప్రాయం.

స్టీల్ ప్లాంటులో ఒక బోల్టు బయటికి వెళ్లాలన్నా గేట్‌పాస్ అడిగే మనిషి. కూతురి శుభలేఖల మీద 'సెక్టార్ పార్కు, ఆదివారం' అని అచ్చు వేయించాక గానీ ఆ పార్కుకి అర్జీ పెట్టలేదు.

"పంతులుగారు ముహూర్తం పెట్టీసినాక ఇంకెవల్ని అడగాలే?" అన్నాడు.

అడగవలసింది టౌన్‌షిప్ పార్కుల కమిటీని. ఒక పార్కులో రోజుకి ఒకటే కార్యం. ఎవరిదన్నది ప్రతి శుక్రవారం మధ్యాహ్నం కమిటీ కూర్చుని తేలుస్తుంది.

పెళ్లికి ముందు ఇవాళే ఆఖరి శుక్రవారం. మగపెళ్లివారు రేపు దుర్గ్‌లో రైలు దిగుతారు.

కాగితం చేతికి రాకుండానే పార్కులో గుంజలు పాతించేశారు. భిలాయిలో అందరూ చేసే పనే. కమిటీ కాదంటే మాత్రం సాయంత్రానికి జీపు వచ్చి పీకేస్తుంది.

ఆ గుంజల మధ్య ఎవరో ముసలాయన తిరుగుతున్నాడు.

"ఏటి సూస్తన్నారు?" హైమవతి ఎదురెళ్లింది.

"పెళ్లి ఈ ఆదివారమేనా అమ్మా?"

"అవును."

"శుభలేఖ ఉంటే ఒకసారి చూపిస్తారా?"

ఇచ్చింది. ఆయన తారీఖు మీద వేలు పెట్టి చదివాడు.

"ఎంతమంది రావచ్చు?"

"నాలుగొందలు. మీకెందుకండీ?"

"అనుమతి కాగితం వచ్చిందా?"

పోయిన ఏడు పక్క క్వార్టరు జగ్గయ్య మనవరాలి బారసాల టెంటుని ఇలాగే ఎవరో కంప్లైంటు రాసి ఊడబెరికించారు.

శుభలేఖ లాక్కుంది.

"తెలుసులెండి మీ సంగతి. ఒకలింట్లో బాజా మోగితే సూడలేరు. ముందు గేటు దాటండి."

ముసలాయన సైకిలు స్టాండు తీశాడు.

"కమిటీ రెండింటికి కదూ కూర్చునేది?" అని మాత్రం అడిగి, సైకిలెక్కి టౌన్ ఆఫీసు వైపు తొక్కాడు.

"అయిపోయింది. రాయడానికే ఎల్తన్నాడు," అంది హైమవతి భర్తతో. "స్కూటరు తియ్యండి."

స్కూటరు తొమ్మిదో తన్నుకి కదిలింది.

వాళ్లు చేరేసరికి ముసలాయన కమిటీ గదిలోంచి బయటికి వస్తున్నాడు.

"కడుపు సల్లబడ్డాదా బాబూ?" అంది హైమవతి, వరండా అంతా వినేలా.

ఆయన చేతులు జోడించాడు. "పెళ్లి బాగా జరిపించండమ్మా."

మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"సూశారా, ఎటకారం," అని ఆమె భర్తని మోచేత్తో పొడిచింది.

అరగంట బెంచీ మీద కూర్చున్నారు. "వియ్యంకుడికి ఏటి సెప్తామే?" అని పరబ్రహ్మం మూడుసార్లు అడిగాడు. మూడోసారికి హైమవతి లేచి కమిటీ గది తలుపు సందులోంచి తొంగిచూసింది.

చివరికి గుమస్తా లక్ష్మీప్రసాద్ ముద్ర కొట్టిన కాగితం చాపాడు.

"లీజియే ఆంటీ, మంజూర్. ఆదివారం పార్కు మీదే."

హైమవతికి ఊపిరి వచ్చింది. దాని వెనకే మాటా వచ్చింది.

"ఆ ముసలోడు కంప్లైంటు రాసినా మాకే ఇచ్చారు. ధర్మాత్ములు."

"కంప్లైంటా? దేవానందం గారా?" లక్ష్మీప్రసాద్ రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. "ఆంటీ, ఆదివారానికి పహలా నంబరు, అందరికన్నా ముందు, ఆయనదే. రెండు నెలల కిందటే పాసైంది. మీ అర్జీ ఇవాళ కొట్టేసేవారు. ఇంకొకరు కూడా అడిగారని పొద్దున్న చెప్తే, ఒకసారి చూసొస్తానని వెళ్లారు. వచ్చి, నాకొద్దని రాసిచ్చేశారు."

హైమవతి వరండాలోకి పరుగెత్తింది. సైకిలు లేదు. మెల్లగా వెనక్కి వచ్చింది.

"ఆదివారం ఆయనకేటి కార్యం?"

"వాళ్లావిడ పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూటం. 'మావాళ్లం ఇంట్లోనే సర్దుకుంటాం, నాలుగొందల మంది పెళ్లి ఇంట్లో పట్టదు కదా బాబూ' అన్నారు."

పరబ్రహ్మం తల దించుకున్నాడు.

"తప్పు నాదేనండీ," అంది హైమవతి పైకే, ఇందాకటిలాగే వరండా అంతా వినేలా, "పార్కు ఎవరిదో ఆయన్నే గేటు దాటమన్నాను."