ముందే ఆముదం

"మాసీ, ఆ జల్లెడతో లోపలికి రాకు. ఇవాళ మాకు మెషిన్ వస్తోంది," అన్నాడు వ్రజ్‌లాల్ భాయి.

గుజరాత్‌లోని నడియాద్‌లో ఇరవై రెండు ఇళ్ళున్న ఆ సొసైటీకి ఆయన సెక్రటరీ.

వేసవి చివరి రోజులు. అందరూ ఏడాదికి సరిపడా గోధుమలు కొని, మూటలు గేటు లోపల వరసగా పేర్చారు. పడమట మబ్బు లేస్తోంది. సాయంత్రంలోగా గింజలు శుభ్రం చేసి, నిలవ ఉండేలా ఆముదం రాసి, రేకు డబ్బాల్లో పోసేయాలి. తడిశాయంటే ఏడాదంతా పురుగులతో సహపంక్తి భోజనమే.

ఆయన మాసీ, అంటే పిన్నీ, అని పిలిచింది గేటు దగ్గర నిలబడ్డ పెద్దావిడని. ఆవిడ చంకలో బండి చక్రమంత జల్లెడ ఉంది.

"ఒక్క గుప్పెడు చూస్తాను భాయి. రాళ్ళు ఎంతెంత ఉన్నాయో..."

"అదంతా మెషిన్ చూసుకుంటుంది."

"కరెంటు ఎక్కణ్ణించి ఇస్తారు?"

"నీ జల్లెడకి కరెంటెందుకు మాసీ?"

సెక్రటరీ జోకు కాబట్టి అందరూ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. లోపల వ్రజ్‌లాల్ భాయి భార్య శర్మిష్ఠాబెన్ మోచేతుల దాకా ఆముదంతో గోధుమలు కలుపుతోంది. మాసీ చూపు అక్కడ ఆగింది.

"అదేంటి బెన్, చెరక్కముందే ఆముదమా? మట్టంతా గింజకి పట్టేస్తుంది. ఇక ఏ జల్లెడా ఆడదు."

"నేనూ అదే చెప్పాను," అంది శర్మిష్ఠాబెన్, తల ఎత్తకుండా.

"మెషిన్‌లోంచి తిన్నగా డబ్బాలోకి పోసుకోవచ్చు. టైము కలిసొస్తుంది," అన్నాడు వ్రజ్‌లాల్ భాయి. ఇరవై ఏళ్ళు ఆఫీసులో పనిచేసిన మనిషి. టైము కలిసిరావడం ఎలాగో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"నేనసలు వచ్చింది..."

"తెలుసు మాసీ. ఈ మెషిన్లొచ్చి మీ పొట్ట కొట్టాయి. నాకూ బాధగానే ఉంది. వెళ్తూ వెళ్తూ గేటు వేసేసి వెళ్ళు."

ఆవిడ గేటు వేసి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూచుంది.

పదిన్నరకి టెంపో వెనక మెషిన్ వచ్చింది. డ్రైవరు భూపత్, బొద్దు మీసాల మనిషి, దిగీదిగగానే టీ కొట్టుకి వెళ్ళాడు.

"చూశారా, పని మొదలెట్టకుండానే టీ," అన్నాడు వ్రజ్‌లాల్ భాయి.

జాబితాలో మొదటి పేరు ఆయనదే. జాబితా రాసింది కూడా ఆయనే.

భూపత్ ఆయన మూటలో చెయ్యి పెట్టి, వేళ్ళు వాసన చూసుకున్నాడు.

"ఇవి పొయ్యను కాకా. మెషిన్ జల్లెడ కన్నాలు పూడిపోతాయి. తర్వాతి ఇల్లెవరిది?"

"నేను సెక్రటరీని."

"గోధుమలకి ఆ సంగతి తెలీదు కాకా."

మెషిన్ మొదలైంది. ఒక పక్క రాళ్ళు, ఒక పక్క తాలు, మధ్యలోంచి బంగారంలాంటి గింజలు. మూడింటికల్లా ఇరవై ఒక్క ఇళ్ళ గోధుమలు డబ్బాల్లో పడ్డాయి. ఇరవై ఒక్క ఇళ్ళ దుమ్ము గాలికి ఎగిరి వచ్చి వ్రజ్‌లాల్ భాయి మూటల మీద పడింది.

మబ్బు నెత్తి మీదకి వచ్చేసింది.

"వ్రజ్‌లాల్, ఈ ఏడాదికి రొట్టెలు మానేసి అన్నం అలవాటు చేసుకో," అన్నాడు పక్కింటి రమణీక్ కాకా.

శర్మిష్ఠాబెన్ చెప్పులు వేసుకుని రోడ్డు దాటింది.

"మాసీ, రెండు వందల కిలోలు. పిల్లల ఏడాది తిండి. మా ఆయన్ని చూడకండి, గోధుమల్ని చూసి రండి."

ఆవిడ సాసర్లో మిగిలిన టీ తాగేసి లేచింది.

ఆవిడ గేట్లోకి రాగానే భూపత్ కూచున్న మూట మీంచి లేచి నిలబడ్డాడు. డ్రైవరైనా పెద్దల పట్ల మర్యాద ఉందని వ్రజ్‌లాల్ భాయి మెచ్చుకున్నాడు.

"పిండిమరకి వెళ్ళి పొడి పొట్టు పట్రండి భాయి. గింజలకి దాంతో రుద్దితే నూనె, మట్టి రెండూ లాగేస్తుంది."

వ్రజ్‌లాల్ భాయి పొట్టు బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. సెక్రటరీ అయ్యాక ఆయన మోసిన మొదటి బరువు అదే.

భూపత్ జల్లెడని టెంపో కమ్మీకి తాళ్ళతో వేలాడదీశాడు. శర్మిష్ఠాబెన్ పొట్టు వేసి రుద్దుతోంటే, రమణీక్ కాకా ఎత్తి పోస్తోంటే, మాసీ జల్లెడ ఊపింది. కాసేపటికి పిలవకుండానే మరో నాలుగిళ్ళ ఆడవాళ్ళు వచ్చి కూచున్నారు. పాట లేదు, మాట లేదు, జల్లెడ చప్పుడొక్కటే.

గింజలకి మళ్ళీ ఆముదం రాసి పోశాక, ఆఖరి డబ్బా మూత పడ్డ పావుగంటకి వాన మొదలైంది. అందరూ మెట్ల కిందకి చేరారు.

వ్రజ్‌లాల్ భాయి మనసు కరిగింది. ఒకరి రుణం ఉంచుకునే మనిషి కాడు. సొంత ఖర్చు లేకుండా తీర్చే దారి దొరికితే అస్సలు ఆగడు.

"మాసీ, నీ చేతిలో పనితనం ఉంది. ఈ వయసులో జల్లెడ మోసుకుంటూ వీధులు తిరగడం ఏం ఖర్మ? ఈ మెషిన్ ఓనరుకి చెప్పి నీకో ఉద్యోగం ఇప్పిస్తాను. నా మాట కాదనడు."

"ఓనరు మీకు తెలుసా కాకా?" అన్నాడు భూపత్.

"మాట్లాడితే తెలుస్తాడు. నంబరు చెప్పు."

భూపత్ మాసీ వైపు చూశాడు. ఆవిడ జల్లెడకి అంటిన పొట్టు దులుపుతూ తల ఊపింది. భూపత్ నంబరు చెప్పాడు.

వ్రజ్‌లాల్ భాయి ఫోను చెవికి ఆనించి, సిఫారసుకి తగ్గట్టు గొంతు సవరించుకున్నాడు.

మాసీ బొడ్లో దోపుకున్న ఫోను మోగింది. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, ఎత్తి, "చెప్పండి భాయి, ఉద్యోగం ఎవరికి?" అంది.