ఒక్కో సర్వర్‌కి ఒక్కో జోన్

"సర్వర్లన్నిటినీ ఒకే జోన్‌లో పడేయమ్మా. అరగంటలో తేలిపోతుంది," అన్నాడు ఆస్పత్రి కంప్యూటర్ విభాగం హెడ్.

"పడేయను సార్," అంది ఇంజనీరు, సర్వర్లనీ డిస్కులనీ కలిపే స్విచ్ ముందు నుంచి కదలకుండా. "ఒకే జోన్‌లో ఉంటే ప్రతి సర్వర్‌కీ అందరి డిస్కులూ కనబడతాయి, పొరపాటున ఒకరిది ఇంకొకరు చెరిపేయొచ్చు. ఎవరి డిస్కు వాళ్ళకే కనబడాలి. నలభై సర్వర్లకీ నలభై జోన్లు రాస్తాను."

"సాయంత్రం కొత్త వార్డు ప్రారంభం. నీ చాదస్తం కోసం ఆపమంటావా?"

"ఆపండి."

"ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను."

"ఇవ్వండి. వాళ్ళొచ్చేలోపు ఇంకో పది రాసేస్తాను." కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగలేదు.

అతను తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"రెండేళ్ళ కిందట పిల్లల వార్డు డిస్కుని ఖాళీది అనుకుని ఎవరో ఫార్మాట్ కొట్టేశారు. పిల్లల స్కానింగులన్నీ పోయాయి. డిస్కు దానంతటదే పాడైందని రిపోర్టు రాసి, ఆ మనిషి మీద ఈగ వాలకుండా చూసింది నేను. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు సార్. ఆ రిపోర్టు అబద్ధమని పొద్దున్నే సూపరింటెండెంట్ గారికి రాసిచ్చాను."

అతని మొహం పాలిపోయింది. "ఎవరి పేరు రాశావ్?"

"నా పేరే. ఆ రోజు ఫార్మాట్ కొట్టింది ఈ చెయ్యేగా!"

ఆ చేత్తోనే పదిహేడో జోన్ రాయడం మొదలుపెట్టింది.