రెండు జడల ఫోటో

ఆదివారం ఉదయం 10.50కి వాడపల్లి గుడి దగ్గర మూడేళ్ల బిడ్డ తప్పిపోయింది.

మిర్యాలగూడ నుంచి తొమ్మిది మంది ఒకే బండిలో వచ్చారు. ఇప్పుడు ఎనిమిది మంది ఉన్నారు. తల్లి కస్తూరి మైకు దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మైకు నడిపే బాల్యా చేతిలో తన ఫోన్ పెట్టింది.

"పొద్దున దిగిన ఫోటో అన్నా. బుజ్జీ అని పిలువుర్రి. నీళ్ల దిక్కు పోతే నేను బతుకనన్నా!"

అంతే, కృష్ణా నది మెట్ల వైపు ఉరికింది. మామ బ్రహ్మయ్య ఆమె వెనకే వెళ్లాడు.

ఫోటోలో కస్తూరి, ఆమె ఒళ్లో బిడ్డ. రెండు జడలు, మల్లెపూలు, ఎర్ర గౌను. బాల్యా చూసింది చూసినట్టు మైకులో చెప్పాడు.

"రెండు జడల పాప! ఎర్ర గౌను! ఎవ్వలకు దొరికినా మైకు కాడికి తీస్కరార్రి!"

ఇరవై నిమిషాల్లో నలుగురు పాపలను తెచ్చారు. నలుగురికీ రెండేసి జడలు. ఒక పాప వెనక తల్లి కూడా వచ్చింది. కోదాడ ఆమె.

"నా చేతిలోంచి లాక్కొచ్చారండీ! నా పిల్ల తప్పిపోయిందని నాకే చెప్తారేంటి?"

"గౌను ఎర్రగున్నదని తెచ్చిన," అన్నాడు తెచ్చినాయన.

"అది గులాబీ రంగండీ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాల్యా నలుగురి ముఖాలూ ఫోటోతో పోల్చాడు. నలుగురూ కాదు.

పెద్దవూరలో గొర్రెలు కాసే రేణుకమ్మ మూడోసారి ముందుకు జరిగింది. చంకలో గుండు పిల్లాడు. గుండుకు గంధం.

"సారూ, జర వీని సంగతి—"

"నీ పోరడు నీ సంకలనే ఉన్నడు గదమ్మా! ముందుగాల పోయిన పిల్ల దొరకనీ."

పిల్లాడు బాల్యా చేతిలోని ఫోన్ వైపు చేతులు చాపి ఏడ్చాడు.

"సూసినవా? గిప్పటి పోరగాళ్లకు ఫోన్ కనవడితే సాలు. ఏమన్న తినవెట్టు, ఊకుంటడు."

రేణుకమ్మ మురుకు పెట్టింది. పిల్లాడు ఊరుకున్నాడు.

11.40కి ఐదో పాపను తెచ్చారు. ఆ పాపకు ఆరేళ్లు. తన పేరు, బడి పేరు, తండ్రి ఫోన్ నంబరు చెప్పి, మైకులో పాట పాడతానంది. బాల్యా మైకు ఇవ్వలేదు.

11.55కి కస్తూరి మెట్లెక్కి వస్తూ కనిపించింది. చీర మోకాళ్ల దాకా తడిసింది. చేతుల్లో ఎవరూ లేరు.

బాల్యా రేణుకమ్మ వైపు తిరిగాడు.

"సరే, సెప్పమ్మా. నీ మనవనికి ఏమైంది?"

"నా మనవడని ఎవలన్నరు సారూ? మెట్ల కాడ ఒక్కడే ఏడుస్తుంటే ఎత్తుకొచ్చిన. గంట సంది గదే సెప్తున్న!"

బాల్యా చేతిలోని ఫోటో 9.40కి దిగినది; ఆ జడలు విప్పి, గౌను మార్చి, కస్తూరి తన కొడుకు ఉదయ్‌కు పుట్టువెంట్రుకలు తీయించింది 10.15కి.