విరిగిన చోటు

పస్క్వాలా సంచీలోంచి విరిగిన పడవచెయ్యి ముక్క తీసి, కాలేజీ ల్యాబులో మైక్రోస్కోపు చూసే మారివిక్ ముందు పెట్టింది. పడవ ఒరిగిపోకుండా పక్కకి చాచి ఉంటుందే, ఆ చెయ్యి. అబకా అనే అరటిజాతి చెట్టు నారా గాజునారా పొరలు పొరలుగా పేర్చి జిగురుతో బిగించింది.

"నా నార చెడ్డదో మంచిదో చూసి చెప్పమ్మా," అంది.

నార ఆమె తీసింది. పడవ ఆమె మొగుడు తేబన్ చేసింది. కొత్త పడవ, నడిసముద్రంలో చెయ్యి విరిగి బోల్తా పడింది. పక్క ఊరి జాలరులు చూడబట్టి ప్రాణం దక్కింది గానీ, పరువు దక్కలేదు. తప్పంతా పెళ్ళాం నారదేనని తేబన్ ఊరంతా చాటాడు. మా ఆవిడ నారతో పడవ మాట దేవుడెరుగు, చీపురు కూడా కట్టుకోకండని కొబ్బరికల్లు దగ్గర అందరినీ నవ్వించాడు. అంతే, ఆమె నార కొనేవాళ్ళు లేకుండా పోయారు. విరిగిన ముక్కని తేబన్ పొయ్యిలో పెట్టబోతుంటే లాక్కుని దాచింది. మొగుడికి చెప్పకుండా ఓడెక్కి, లెగాస్పిలో ఈ కాలేజీకి వచ్చింది.

మారివిక్ విరిగిన అంచుని మైక్రోస్కోపు కింద పెట్టింది. తెర మీద నారపోగులు మోకుల్లా కనిపించాయి. పెద్దక్కని పిలిచినట్టు మానాయ్ అంటూ చెప్పింది.

"నార చెడ్డదైతే జిగురులోంచి జారి వచ్చేసేది మానాయ్, నున్నటి బొక్కలు మిగిలేవి. ఇది చూడండి, ఒక్కో పోగూ జిగురుని వదలకుండా పీచుపీచుగా తెగింది. మీ నారకి వంక పెట్టడానికి లేదు."

పస్క్వాలా ముఖం విప్పారింది. బాదంలాంటి పిలి పప్పు పొట్లం విప్పి మారివిక్ చేతిలో పెట్టింది. తెర మీది ఈ బొమ్మ అచ్చు తీసిస్తే, దాన్ని కంచం పక్కన పెట్టాకే ఆ మనిషికి అన్నం వడ్డిస్తానంది.

మారివిక్ నవ్వలేదు. బొమ్మని కిందికి జరిపింది. అక్కడ పోగులన్నీ, గాజువీ నారవీ, ఒకే మట్టంగా తెగి ఉన్నాయి.

"ఇక్కడిదాకా విరిగింది కాదు, రంపంతో కోసింది. గాటు కనబడకుండా పైన నీలం రంగు పూశారు."

ఆ నీలం తేబన్ తన చేత్తో కలుపుకున్నది.

మారివిక్ పస్క్వాలా పక్కకి కుర్చీ జరుపుకుని మెల్లగా అడిగింది. "మీ ఆయన్ని చంపాలన్నంత పగ ఎవరికుంది మానాయ్?"

"ఆ పొద్దున ఆయన జ్వరమని పడుకుని, పడవలో నన్ను పంపాడమ్మా."