బల్ల మీద ఫోన్లు

"అందరూ మీ ఫోన్లు తీసి ఈ బల్ల మీద ఎట్టండి. ఎవుడి జేబులోనైనా మిగిలిందంటే మరి ఊరుకోను" అన్నాడు నరసింగరావు.

కొత్తరేవు పంచాయతీ ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు ఆయన. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ప్రెసిడెంటు అనే అంటారు.

ఆర్నెల్లుగా ఫేస్‌బుక్‌లో ఎవరో 'రేవు కబురు' అని పేజీ పెట్టి ఆయన పరువు తీస్తున్నారు. పేరు లేదు, మొహం లేదు. మొదట పంచాయతీ మోటారు ఆయన కొబ్బరితోటకి నీళ్లు తోడుతున్న ఫొటో వచ్చింది. తర్వాత చేపలు ఎండబెట్టుకునే సిమెంటు దిమ్మ సంగతి. కాగితాల్లో ఆ దిమ్మ పూర్తయి ఏడాదైంది. ఆడవాళ్లు ఇప్పటికీ ఇసకలోనే నెత్తళ్లు ఆరబోస్తున్నారు.

నిన్నటిది అన్నిటికంటే ఘోరం. ఆ దిమ్మకి బిగించాల్సిన శిలాఫలకం నరసింగరావు పెరట్లో బట్టలుతికే బండగా పడి ఉంది. చెక్కిన పేరు మీద సబ్బు నురగ. ఆ ఫొటో చూసి భోగాపురంలో చేపలు కొనే షావుకార్లు కూడా నవ్వారట.

పెరటి ఫొటో పెరట్లోకి వచ్చేవాళ్లే తియ్యాలి. రోజూ చేపలు తెచ్చి అక్కడే కోసిచ్చేది గున్నమ్మ. ఆమె మొగుడు సూరయ్య దగ్గర పెద్ద ఫోనుంది. నరసింగరావుకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఫోన్లు ఒక్కొక్కటే వచ్చి బల్ల మీద చేరాయి. గున్నమ్మ వంతు వచ్చింది. బొడ్డులోంచి సగం కాల్చిన చుట్ట తీసి ఫోన్ల పక్కన పెట్టింది.

"నాకున్నది ఇదే. ఇందులో ఏటి కనపడతాదో సూసుకో" అంది.

గుమస్తా గిరిబాబు ఫోన్లన్నీ తెరిచి చూశాడు. ఎవరి ఫోనులో చూసినా ఆ పేజీ ఉంది, దాని సొంతదారు మాత్రం ఎవరూ కాదు. నరసింగరావు వెనకే తిరిగే గోవింద్ కూడా ప్రతి ఫొటో కింద లైకు కొట్టి ఉన్నాడు. పొరపాటున వేలు తగిలిందని గొణిగాడు.

"అన్నిటికీ తగిలిందేట్రా?" అన్నాడు నరసింగరావు.

సూరయ్యని ముందుకు రమ్మన్నాడు. పేజీ తనది కాదన్నాడు సూరయ్య. వేటకెళ్లే ముందు గాలి ఎటుందో చూసుకోడానికే ఫోను కొన్నానని, తాను వేలిముద్రగాణ్ణని, ఒక్క అక్షరం రాయలేనని చెప్పుకున్నాడు.

"ఏలిముద్రోడికి అంత ఫోనెందుకురా?"



అప్పుడే నరసింగరావు పెళ్లాం నీలవేణి ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చింది. మొగుడికి టీ పోసింది. కుర్రప్పటి నుంచి ఎరిగిన మనిషి కదా అని సూరయ్యకీ ఒక గ్లాసు అందించబోయింది.

"ఆడికి టీ ఏటి? తీసీ" అన్నాడు నరసింగరావు.

"ఆడు కాదేమో, ఒకసారి ఆలోసించు" అంది ఆమె మెల్లిగా.

"నిన్నెవులడిగేరు?"

నీలవేణి గ్లాసు వెనక్కి తీసుకుంది. పోసిన టీ తిరిగి ఫ్లాస్కులో వంపి, ఆయన కుర్చీ వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన తల తిప్పి చూడలేదు.

"ఇనండి. రేపట్నుంచి సూరయ్య పడవకి ఎవుడూ సెయ్యెయ్యకండి. ఏసినోడిదీ అదే గతి."

ఆ ఒడ్డున పదిమంది భుజం పడితే గాని పడవ ఇసక దాటి అల మీదికి పోదు. చెయ్యెయ్యకండి అంటే సూరయ్య పొయ్యి ఆర్పెయ్యండి అన్నట్టే.

"పిల్లలున్నోణ్ణి మావా" అన్నాడు సూరయ్య.

"ఫొటో తీసినప్పుడు లేరా పిల్లలు?"

అంతకుముందు వారమే సూరయ్య వల్లో పడ్డ వంజరం కూర తిన్నవాళ్లు ఆ గదిలో ఆరుగురున్నారు. ఆరుగురూ తమ కాళ్లకేసి చూసుకున్నారు.

తీర్మానం రాయమన్నాడు నరసింగరావు. గిరిబాబు రిజిస్టరు తీసి, కలం ఆపి, మరి కింద సంతకం అంటూ నసిగాడు.

"అది ఇంటికెళ్లేక నేనెట్టిస్తాను. నువ్వు రాయి."

గిరిబాబు రాశాడు. ఇంకా ఆఖరి ముక్క పూర్తి కాలేదు, బల్ల మీద ఒక ఫోను టింగుమంది. వెంటనే ఇంకొకటి. తర్వాత ఫోన్లన్నీ ఒక్కసారే మోగి బల్ల గడగడలాడింది. గున్నమ్మ చుట్ట దొర్లి కింద పడింది.

గిరిబాబు చేతికందిన ఫోను తీసి చూశాడు. 'రేవు కబురు'లో కొత్త ఫొటో. ఈ గదే. ఈ బల్లే. కుప్పగా ఫోన్లు, చేతులు కట్టుకున్న సూరయ్య, అన్నిటికంటే ముందు నరసింగరావు బట్టతల. గుమ్మం వైపు నుంచి తీసింది.

"కింద ఏటి రాసుంది? సదువు" అన్నాడు నరసింగరావు.

"ఒద్దులెండి, ప్రెసిడెంటు గారూ."

"సదవరా."

గిరిబాబు చదివాడు.

"'రేపు సూరయ్య పడవ మీద మొదటి సెయ్యి నాది. ఓట్లు పడింది నాకు, నా కుర్సీలోంచి లెగు. ఇట్లు, సూరాడ నీలవేణి, కొత్తరేవు సర్పంచి.'"